ఉద్యోగంలో భావప్రసారం, ప్రెజెంటేషన్, సమయ నిర్వహణ

నిర్వచనం, పరిధి

తనకు తెలిసిన విషయాన్ని తెలియవలసిన వ్యక్తికి, అతనికి అర్థమయ్యే రూపంలో, పనికొచ్చే వేళకు చేరవేయగలగడాన్ని ఉద్యోగరంగంలో భావప్రసార నైపుణ్యం అంటారు. అదే పనిని ఒక బృందం ఎదుట, నిర్ణీత వ్యవధిలో, నిర్ణయం కోసం గానీ అవగాహన కోసం గానీ చేస్తే అది ప్రెజెంటేషన్. చేతిలో ఉన్న గంటల్లో ఏ పని ముందు, ఏది తర్వాత, ఏది అక్కర్లేదు అని తేల్చుకుని గడువు దాటకుండా ముగించడం సమయ నిర్వహణ.

శిక్షణ సంస్థలు ఈ మూడింటినీ వేర్వేరు కోర్సులుగా నేర్పుతాయి. ఆఫీసులో ఇవి విడివిడిగా కనిపించవు. ఎజెండా లేకుండా పిలిచిన మీటింగు పదిమంది పూటను పాడుచేస్తుంది. అడగవలసింది సూటిగా అడగని ఈమెయిల్ నాలుగు ఫోన్ కాల్స్‌కు దారితీస్తుంది. ఎదుటివారి సమయానికీ, శ్రద్ధకూ విలువ ఇవ్వడమే మూడింటికీ ఉమ్మడి పునాది.

యంత్రాలతో పనిచేసే నైపుణ్యాల నుంచి వీటిని వేరుచేసి చెప్పే ‘సాఫ్ట్ స్కిల్స్’ అనే మాట అమెరికా సైనిక శిక్షణ విభాగంలో వాడుకలోకి వచ్చింది. 1972లో ఆ విభాగం ఈ అంశం మీదే ఒక సదస్సు జరిపింది. మాటకారితనం పుట్టుకతో రావాలని, ఇంగ్లిష్ ధారాళంగా వస్తే చాలని ఉన్న అభిప్రాయాలను ఈ రంగం చరిత్ర బలపరచదు. ఇందులోని పెద్ద మలుపులు చాలావరకు ప్రమాదాల తర్వాత జాగ్రత్తగా రాసుకున్న పద్ధతుల వల్ల వచ్చాయి.

చరిత్ర

ఒప్పించే మాటకు శాస్త్రరూపం ఇచ్చినవారిలో క్రీ.పూ. 4వ శతాబ్దపు గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ ముఖ్యుడు. వక్త విశ్వసనీయత, శ్రోత భావోద్వేగం, వాదనలోని తర్కం అనే మూడు ఆధారాలను ఆయన గుర్తించాడు. రోమ్‌లో సిసెరో, క్వింటిలియన్ ఆ సంప్రదాయాన్ని విస్తరించారు.

భారతదేశంలో పరిపాలనా లేఖనం గురించి కూడా పాత ఆలోచన ఉంది. కౌటిల్యుని అర్థశాస్త్రం రెండో అధికరణంలో రాజశాసనాలు రాసే పద్ధతికి ఒక అధ్యాయం కేటాయించారు. అర్థక్రమం, సంబంధం, పరిపూర్ణత, మాధుర్యం, ఔదార్యం, స్పష్టత్వం అనే ఆరింటిని మంచి లేఖకు గుణాలుగానూ, పునరుక్తి, వ్యాఘాతం వంటివాటిని దోషాలుగానూ అందులో లెక్కించారు. ముఖ్యమైన విషయం ముందు రావాలి, ముందు చెప్పినదానికి తర్వాతిది విరుద్ధంగా ఉండకూడదు, చెప్పిందే చెప్పకూడదు: నేటి ఆఫీసు మెమోకూ ఈ కొలతలు సరిపోతాయి.

ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో ఫ్యాక్టరీలు, పెద్ద కంపెనీలు ఈ నైపుణ్యాలను ఉద్యోగ అవసరాలుగా మార్చాయి. ఫ్రెడరిక్ టేలర్ స్టాప్‌వాచ్‌తో పనిని కొలిచి, 1911లో శాస్త్రీయ నిర్వహణ సూత్రాలను ప్రచురించాడు. అదే ఏడాది ఆగస్టులో మసాచుసెట్స్‌లోని వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో స్టాప్‌వాచ్‌ను వ్యతిరేకిస్తూ మూస పోత కార్మికులు సమ్మెకు దిగారు. సమయాన్ని కొలిచేది ఎవరు, ఎవరి మేలు కోసం అన్న ప్రశ్న అప్పటి నుంచీ ఈ రంగాన్ని వదల్లేదు (చూ. విమర్శలు).

డేల్ కార్నెగీ 1912లో న్యూయార్క్ వైఎంసీఏలో సాయంత్రపు ఉపన్యాస తరగతులు మొదలుపెట్టాడు. రాల్ఫ్ స్మెడ్లీ 1924 అక్టోబరులో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బును ప్రారంభించాడు. ఇద్దరి తరగతులూ ఎక్కువగా ఉద్యోగులకు, చిన్న వ్యాపారులకు పగటి పని ముగిశాక నడిచినవే.

భావప్రసారం పనిచేసే తీరు

బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన క్లాడ్ షానన్ 1948లో ప్రచురించిన సిద్ధాంతం పంపేవారు, సంకేతం, మార్గం, రొద, అందుకునేవారు అనే నమూనాను స్థిరపరచింది. టెలిఫోన్ తీగల ఇంజనీరింగ్ సమస్య కోసం పుట్టిన నమూనా అది. అర్థం గురించి తాను మాట్లాడడం లేదని షానన్ స్పష్టంగానే చెప్పాడు. మనుషుల మధ్య చిక్కంతా ఆ అర్థం దగ్గరే వస్తుంది.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ 1990లో చేసిన ప్రయోగం దీన్ని చక్కగా చూపుతుంది. అందరికీ తెలిసిన పాటల దరువును కొందరు బల్ల మీద వేలితో కొట్టారు. వింటున్నవారు పాట పేరు చెప్పాలి. సగం పాటలను గుర్తుపడతారని కొట్టినవారు అంచనా వేశారు. 120 పాటల్లో విన్నవారు గుర్తుపట్టినవి 3 మాత్రమే. కొట్టేవారి చెవిలో పాట మొత్తం మోగుతుంది, వినేవారికి టకటక చప్పుడే వినిపిస్తుంది. ఒక ప్రాజెక్టులో ఏళ్ల తరబడి ఉన్న ఇంజనీరు కొత్తగా చేరినవారికి విషయం వివరించేటప్పుడు జరిగేది ఇదే.

విమానయానం నుంచి వచ్చిన పద్ధతులు

స్పెయిన్‌కు చెందిన టెనెరిఫె దీవి విమానాశ్రయంలో 1977 మార్చి 27న కేఎల్ఎం, పాన్ ఆమ్ సంస్థల బోయింగ్ 747 విమానాలు రెండు రన్‌వే మీదే ఢీకొన్నాయి. 583 మంది చనిపోయారు. ఆ రోజు దట్టమైన పొగమంచు ఉంది. టేకాఫ్ దగ్గర ఉన్నామని కేఎల్ఎం విమానం నుంచి వచ్చిన మాటను టవర్ మరోలా అర్థం చేసుకుంది. ఆగమని టవర్ చెప్పిన మాట, ఇంకా రన్‌వే మీదే ఉన్నామని పాన్ ఆమ్ విమానం చెప్పిన మాట ఒకేసారి వెలువడి రేడియోలో కలగాపులగమయ్యాయి. పాన్ ఆమ్ విమానం పక్కకు తప్పుకుందో లేదోనని కేఎల్ఎం ఫ్లైట్ ఇంజనీరు సందేహం వెలిబుచ్చినా, సీనియర్ కెప్టెన్ దాన్ని తోసిపుచ్చాడు.

ఈ ఘటన తర్వాత రెండు రకాల మార్పులు వచ్చాయి. మొదటిది పదజాలానికి సంబంధించింది: టేకాఫ్ అనే మాటను అనుమతి ఇచ్చేటప్పుడో రద్దు చేసేటప్పుడో తప్ప వాడకూడదు; అందుకున్న ఆదేశాన్ని పైలట్ తిరిగి చదివి వినిపించాలి. రెండోది హోదాకు సంబంధించింది. 1979లో నాసా జరిపిన సదస్సు నుంచి మొదలై, 1981లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ చేపట్టిన శిక్షణతో స్థిరపడిన కాక్‌పిట్ వనరుల నిర్వహణ పద్ధతి, జూనియర్లు సందేహాన్ని గట్టిగా చెప్పడాన్నీ, కెప్టెన్లు దాన్ని వినడాన్నీ ఉద్యోగ ధర్మంలో భాగం చేసింది.

వైద్యరంగం ఈ పాఠాన్ని అందిపుచ్చుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసిన 19 అంశాల శస్త్రచికిత్స చెక్‌లిస్టులో ఆపరేషన్ గదిలోని వారందరూ తమ పేరు, చేస్తున్న పని చెప్పుకోవడం ఒక అంశం. న్యూఢిల్లీ సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో అతుల్ గవాండే బృందం జరిపిన అధ్యయనంలో మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, సమస్యలు 11 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయి. ఇంకో పక్క, కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రుల మీద 2014లో వెలువడిన అధ్యయనం చెప్పుకోదగ్గ తగ్గుదల లేదని తేల్చింది. రెండింటినీ కలిపి చదివితే, కాగితం మీద టిక్కు పెట్టడం వేరు, ఒకరి మాట ఒకరు వినడం వేరు అని అర్థమవుతుంది.

నర్సు డాక్టరుకు ఫోన్ చేసేటప్పుడు ప్రస్తుత పరిస్థితి, నేపథ్యం, తన అంచనా, ఏం చేయాలన్న సూచన అనే వరుసలో చెప్పే పద్ధతి అమెరికా నౌకాదళంలోని అణు జలాంతర్గాముల నుంచి ఆసుపత్రులకు వచ్చింది. దీన్ని ఏ ఆఫీసులోనైనా వాడవచ్చు. ‘సర్వర్ డౌన్ అయింది సార్’ అని ఆగిపోయే ఫోన్‌కూ, ఏది ఆగింది, ఎప్పటి నుంచి, ఎందుకని అనుకుంటున్నాం, ఇప్పుడు ఎవరి అనుమతి కావాలి అని చెప్పే ఫోన్‌కూ చాలా తేడా ఉంది.

వినడం

కార్ల్ రోజర్స్, రిచర్డ్ ఫార్సన్ 1957లో ‘యాక్టివ్ లిజనింగ్’ అనే భావనను ఒక చిన్న పుస్తకంలో వివరించారు. ఎదుటివారు చెప్పినదాన్ని తన మాటల్లో తిరిగి చెప్పి సరిచూసుకోవడం, మాటల వెనకున్న భావాన్ని గుర్తించడం, వెంటనే తీర్పు చెప్పకపోవడం ఇందులో ప్రధానాంశాలు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సారథి అయ్యాక, తన సీనియర్ సహచరులకు మార్షల్ రోసెన్‌బర్గ్ రాసిన ‘నాన్‌వయొలెంట్ కమ్యూనికేషన్’ పుస్తకాన్ని చదవమని ఇచ్చారు. తప్పుపట్టకుండా గమనించినది చెప్పడం, అవసరాన్ని సూటిగా అడగడం ఆ పుస్తకం బోధించే పద్ధతి.

భావప్రసారంలో మాటల పాత్ర 7 శాతమేనని, మిగతాది స్వరం, హావభావాలని శిక్షణ తరగతుల్లో తరచూ చెబుతారు. ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో చేసిన ప్రయోగాలు ఇష్టాయిష్టాలను వ్యక్తం చేసే విడి మాటలకు సంబంధించినవి. అన్ని రకాల సంభాషణకూ ఆ లెక్క వర్తించదని ఆయనే వివరణ ఇచ్చారు. బడ్జెట్ వివరించే ఉద్యోగి విషయంలో ఈ అంకెలకు విలువ లేదు.

రాతపూర్వక భావప్రసారం

తెలుగు ప్రాంతాల ప్రభుత్వ కార్యాలయాల్లో ఉద్యోగి రాసే నోట్ ఫైలుకు తనదైన క్రమం ఉంది: విషయం, సూచికలు, నేపథ్యం, వర్తించే నిబంధనలు, ప్రతిపాదన, కోరుతున్న ఉత్తర్వు. ఫైలు చరిత్ర తెలియని అధికారి కూడా చదివి సంతకం చేయగలగాలన్నది దీని ఉద్దేశం. ప్రైవేటు రంగంలో మెకిన్సీ సంస్థలో పనిచేసిన బార్బరా మింటో ఈ క్రమాన్ని తిరగేసింది. ఆమె రూపొందించిన పిరమిడ్ పద్ధతిలో ముగింపు ముందు వస్తుంది, కారణాలు కింద, వివరాలు ఇంకా కింద ఉంటాయి. నిర్ణయం తీసుకోవలసినవారికి తీరిక తక్కువన్న గుర్తింపే దీనికి ఆధారం.

ప్రెజెంటేషన్

ఫోర్‌థాట్ అనే చిన్న కంపెనీలో రాబర్ట్ గాస్కిన్స్, డెనిస్ ఆస్టిన్ తయారుచేసిన పవర్‌పాయింట్ 1987 ఏప్రిల్‌లో మ్యాకింటోష్ కంప్యూటర్ల కోసం విడుదలైంది. కొద్ది నెలల్లోనే మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని 1.4 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది. అంతవరకు స్లైడులు చేయించడానికి డ్రాయింగ్ విభాగాన్ని ఆశ్రయించిన మేనేజర్లు తామే చేసుకోసాగారు. దాంతో స్లైడుల సంఖ్య పెరిగింది, ప్రతి స్లైడులోని బుల్లెట్ పాయింట్లూ పెరిగాయి.

ఈ అలవాటు ఎంత ప్రమాదకరమో 2003లో బయటపడింది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు వ్యోమగాములున్న కొలంబియా నౌక జనవరి 16న బయలుదేరిన 82వ సెకనులో ఒక నురుగు ముక్క ఊడి ఎడమ రెక్కకు తగిలింది. నౌక కక్ష్యలో ఉండగానే ఇంజనీర్లు విశ్లేషణ చేసి స్లైడుల రూపంలో ఇచ్చారు. వాటిలో కీలకమైన స్లైడు శీర్షిక భరోసా ఇచ్చేలా ఉంది. ఊడిన ముక్క పరిమాణం 1,920 ఘనపు అంగుళాలని, పరీక్షల్లో వాడినది 3 ఘనపు అంగుళాలని చెప్పే సమాచారం అట్టడుగున, చిన్న అక్షరాల్లో ఉంది. ఆరు వందల రెట్లకు మించిన తేడా అది. ఫిబ్రవరి 1న తిరుగు ప్రయాణంలో నౌక ముక్కలైంది. ఇది ప్రాణాపాయ పరిస్థితి అని ఆ స్లైడు చదివిన ఉన్నతాధికారికి తట్టకపోవడం అర్థం చేసుకోదగినదేనని దర్యాప్తు బోర్డు వ్యాఖ్యానించింది. సాంకేతిక నివేదికలకు బదులు స్లైడులు వాడే నాసా అలవాటును తప్పుపట్టింది. ఆ స్లైడును వాక్యం వాక్యం విశ్లేషించిన యేల్ ఆచార్యుడు ఎడ్వర్డ్ టఫ్టీ, చిన్న చిన్న పాయింట్లుగా విరగ్గొట్టడం వల్ల కారణానికీ ఫలితానికీ ఉన్న బంధం తెగిపోతుందని వాదించాడు.

2004 జూన్‌లో అమెజాన్ అధిపతి జెఫ్ బెజోస్ సీనియర్ల సమావేశాల్లో పవర్‌పాయింట్‌ను ఆపించి, పూర్తి వాక్యాల్లో రాసిన మెమోలను ప్రవేశపెట్టాడు. గరిష్ఠంగా ఆరు పేజీలుండే మెమోను మీటింగు మొదట్లో అందరూ మౌనంగా చదువుతారు, తర్వాతే చర్చ.

స్లైడులకు మేలు లేదని దీని అర్థం కాదు. పటాలు, గ్రాఫులు మాటల కంటే త్వరగా చేరతాయి. మల్టీమీడియా అభ్యాసం మీద రిచర్డ్ మేయర్ చేసిన పరిశోధనల ప్రకారం బొమ్మతో పాటు మాటలు వినిపిస్తే అవగాహన పెరుగుతుంది. వినిపిస్తున్న మాటలనే తెర మీద అక్షరాలుగా కూడా చూపిస్తే తగ్గుతుంది. స్లైడులో ఉన్నదాన్ని ఉన్నట్టు చదివి వినిపించే అలవాటును మానుకోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

వ్యవధికి కళ్లెం వేసే రూపాలు కూడా పుట్టాయి. 2003లో టోక్యోలో ఇద్దరు వాస్తుశిల్పులు మొదలుపెట్టిన పెచాకుచాలో 20 స్లైడులు, ఒక్కోదానికి 20 సెకన్లు. టెడ్ ఉపన్యాసాలకు 18 నిమిషాల పరిమితి ఉంది. టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల్లో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు దీపాలు వక్తకు సమయం గుర్తుచేస్తాయి. ‘ఆఁ’, ‘అంటే’ వంటి ఊతపదాలను లెక్కపెట్టడానికి ఒక సభ్యుణ్ణి నియమిస్తారు.

సభాకంపం చాలామందికి ఉండేదే. హార్వర్డ్‌లో అలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, వేదిక ఎక్కే ముందు తమను తాము శాంతపరచుకోవాలని చూసినవారికంటే, ఉత్సాహంగా ఉన్నామని పైకి అనుకున్నవారు మెరుగ్గా మాట్లాడారు. గుండె దడను ఉత్సాహంగా చూడడం, దాన్ని అణచడం కంటే తేలిక.

సమయ నిర్వహణ

ఇచ్చిన గడువు నిండేదాకా పని సాగుతుందని సి. నార్త్‌కోట్ పార్కిన్సన్ 1955 నవంబరులో ‘ది ఎకనమిస్ట్’లో రాశాడు. ఆయన దృష్టి బ్రిటిష్ ప్రభుత్వ శాఖల్లో పెరుగుతున్న ఉద్యోగుల సంఖ్య మీద ఉంది. పీటర్ డ్రకర్ 1960లలో, ప్రణాళిక వేయడానికి ముందు తన సమయం నిజంగా ఎటు పోతోందో రాసి చూసుకోవాలని అధికారులకు సూచించాడు. అత్యవసరం, ముఖ్యం అనే రెండు కొలతల మీద పనులను నాలుగు గడుల్లో వేసే పట్టిక అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పేరుతో చలామణిలో ఉంది. 1954 నాటి ప్రసంగంలో ఆయన ఆ ఆలోచనను ఒక మాజీ కళాశాల అధ్యక్షుడిదిగా చెప్పాడు. 1989లో స్టీఫెన్ కోవీ పుస్తకంతో అది ప్రపంచానికి పరిచయమైంది. ఫ్రాన్సెస్కో సిరిల్లో 1980ల చివర్లో టమాటా ఆకారపు వంటగది టైమరుతో మొదలుపెట్టిన పొమొడోరో పద్ధతిలో 25 నిమిషాల పనికి ఓ చిన్న విరామం ఉంటుంది.

అంచనాల్లో పొరపాటు ఈ రంగంలో బాగా రుజువైన విషయం. డేనియల్ కానమన్, ఏమస్ ట్వర్స్కీ 1979లో దీన్ని సిద్ధాంతీకరించారు. 1994లో రోజర్ బ్యూలర్ బృందం థీసిస్ రాస్తున్న విద్యార్థులను అడిగితే సగటున 34 రోజుల్లో ముగిస్తామన్నారు. పట్టింది 55 రోజుల పైన. అన్నీ ఎదురుతిరిగితే ఎన్నాళ్లు పడుతుందని అడిగినప్పుడు కూడా 49 రోజుల లోపే చెప్పారు. 1963కల్లా 70 లక్షల ఆస్ట్రేలియా డాలర్లతో పూర్తికావలసిన సిడ్నీ ఒపెరా హౌస్ 1973లో, 10.2 కోట్ల డాలర్ల ఖర్చుతో పూర్తయింది. మనసులో బొమ్మ కట్టుకుని వేసే అంచనా కంటే, అలాంటి పాత పనులకు నిజంగా ఎంత పట్టిందో చూసి చెప్పే అంచనా నమ్మదగినదని పరిశోధకుల సలహా.

అంతరాయాల విషయంలో ఒక ఆసక్తికరమైన ఫలితం ఉంది. గ్లోరియా మార్క్ బృందం 2008లో గమనించినదాని ప్రకారం, మధ్యలో ఆటంకం కలిగినవారు పనిని కాస్త వేగంగానే ముగించారు. అయితే ఒత్తిడి, చికాకు పెరిగాయి. ఒక పని నుంచి ఇంకో పనికి మారాక కూడా మొదటిదాని మీద ధ్యాస కొంత మిగిలే ఉంటుందని సోఫీ లెరాయ్ 2009లో చూపించింది. తెలుగువారి అష్టావధానంలో ఈ చిక్కునే పరీక్షగా పెట్టారు: అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడి పని అవధాని ఏకాగ్రతను చెదరగొట్టడమే. ఏళ్ల సాధన చేసిన అవధానికి కూడా అది పరీక్ష కాగలిగినప్పుడు, రోజంతా ఫోన్ మోగుతుండగా ఉద్యోగి నుంచి ఏకాగ్రత ఆశించడం న్యాయం కాదు. నోటిఫికేషన్లు ఆపివేసే గంటలు, మీటింగులు లేని పూటలు ఇందుకే అవసరమవుతాయి.

సమయ నిర్వహణ నిజంగా పనిచేస్తుందా అని 158 అధ్యయనాలను కలిపి చూసిన 2021 నాటి విశ్లేషణ, ఉద్యోగ పనితీరులో ఒక మోస్తరు మెరుగుదల ఉందని తేల్చింది. జీవిత సంతృప్తితో దాని సంబంధం ఇంకా బలంగా కనిపించింది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ

హైదరాబాద్‌లో 1956లో ఏర్పడిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా ప్రభుత్వ, ప్రైవేటు అధికారులకు కలిపి శిక్షణ ఇచ్చే సంస్థ. 1958లో మొదలైన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్, 2007లో ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయంగా మారింది. జేఎన్‌టీయూ అనుబంధ ఇంజనీరింగ్ కళాశాలల పాఠ్యక్రమంలో ఇంగ్లిష్ కమ్యూనికేషన్ ల్యాబులు భాగమయ్యాయి. ఉమ్మడి రాష్ట్రంలో జవహర్ నాలెడ్జ్ సెంటర్లు, 2014 తర్వాత తెలంగాణలో ‘టాస్క్’ అనే నైపుణ్య శిక్షణ సంస్థ, ఆంధ్రప్రదేశ్‌లో నైపుణ్యాభివృద్ధి సంస్థ ఈ పనిని విస్తరించాయి. ప్రభుత్వ వ్యవహారాలు తెలుగులో నడవాలని 1966లోనే అధికార భాషా చట్టం వచ్చినా, నైపుణ్య శిక్షణ దాదాపు అంతా ఇంగ్లిష్ చుట్టూనే తిరుగుతోంది. రైతుకు, రోగికి, పింఛను కోసం వచ్చిన వృద్ధురాలికి తెలుగులో విషయం తేటగా చెప్పగలగడం అంతే ముఖ్యమైన ఉద్యోగ నైపుణ్యం. దానికి ల్యాబులు లేవు.

హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల సమయ సమస్యకు భౌగోళిక కారణం ఉంది. న్యూయార్క్‌లో ఉదయం 9 గంటలంటే ఇక్కడ శీతాకాలంలో రాత్రి 7.30, వేసవిలో సాయంత్రం 6.30. రోజువారీ స్టాండప్ మీటింగు పావుగంటే అయినా, అది ఇంటి భోజన వేళలో పడుతుంది.

సంస్కృతి భేదాలు కూడా పనిచేస్తాయి. సందర్భాన్ని బట్టి అర్థం చేసుకోవలసిన సంభాషణ, అంతా మాటల్లోనే చెప్పే సంభాషణ అనే తేడాను ఎడ్వర్డ్ హాల్ 1976లో వివరించాడు. ‘అయిపోతుంది సార్’ అన్న జవాబు ఇక్కడ హామీ కావచ్చు, మర్యాద కావచ్చు, గడువు అసాధ్యమని చెప్పలేకపోవడమూ కావచ్చు. తెలుగు సహోద్యోగి దాన్ని గొంతును బట్టి పోల్చుకుంటాడు. అట్లాంటాలోని క్లయింటు తేదీగా రాసుకుంటాడు. తేదీ, ఆటంకం, కావలసిన సాయం మూడూ ఒకే వాక్యంలో చెప్పడం అలవాటైతే ఈ ఇబ్బంది తగ్గుతుంది.

శిక్షణ, మూల్యాంకనం

శిక్షణ ఫలితాన్ని కొలవడానికి డోనల్డ్ కర్క్‌ప్యాట్రిక్ 1959లో నాలుగు అంచెలు ప్రతిపాదించాడు: అభ్యర్థుల స్పందన, నేర్చుకున్నది, పనిలో ప్రవర్తన, సంస్థకు కలిగిన ఫలితం. ఫీడ్‌బ్యాక్ ఫారాలు మొదటి అంచెనే కొలుస్తాయి.

విమర్శలు

ఉచ్చారణను, వేషభాషలను ప్రతిభగా పరిగణించే ఇంటర్వ్యూలు పల్లెల నుంచి, తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారికి నష్టం చేస్తాయన్నది ఒక ప్రధాన విమర్శ. సందేహం చెప్పినవారిని శిక్షించే సంస్థలో భావప్రసార శిక్షణ వల్ల ఉపయోగం ఉండదని, మాట్లాడటానికి భయం లేని వాతావరణం మీద ఎమీ ఎడ్మండ్‌సన్ 1999 నుంచి చేసిన పరిశోధన సూచిస్తుంది. సమయ నిర్వహణ విషయంలో వాటర్‌టౌన్ కార్మికుల ప్రశ్న ఇప్పటికీ నిలిచే ఉంది: ఇద్దరి పనిని ఒకరికి అప్పగించి, ప్రణాళిక నేర్చుకోమనడం సమస్యను ఉద్యోగి మీదకు తోయడమే. పని వేళల తర్వాత ఫోన్లకు, ఈమెయిళ్లకు దూరంగా ఉండే హక్కును గుర్తించిన ఫ్రాన్స్ చట్టం 2017 జనవరి 1న అమల్లోకి వచ్చింది. 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు ఈ వేళల గురించి వారితో చర్చలు జరపాలని అది నిర్దేశిస్తుంది.